గ్యాస్ పైకే పోతుంది

టెస్ట్ సైట్ క్వార్టర్స్, అనంతపురం జిల్లా
4 అక్టోబరు 2024

లాలు కాకాకు,

ఫోన్లో నేను "బాగున్నావా" అంటే నువ్వు "ఇప్పుడే తిన్నా" అంటున్నావు. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు బాయిలో బ్లాస్టింగ్ మోత విన్న చెవులు, ఇక నా గొంతు ఏం వింటాయి! వాట్సాప్ చేద్దామంటే అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పడేశావట, మంగ్లి కాకీ చెప్పింది. అందుకే పోస్టు మీద పడ్డాను.

ముందు ఒక మాట తేల్చేస్తాను. నేను గ్యాస్ ఏజెన్సీలో పనిచేయడం లేదు. నా వల్ల తండాలో ఎవరికీ సిలిండర్ జల్దీ రాదు. మేము చేసేది రాకెట్ ఇంజన్. అది తాగేవి రెండు, ద్రవ ఆక్సిజన్, ద్రవ మీథేన్. సున్నాకు కింద నూట అరవై, నూట ఎనభై డిగ్రీల దాకా చల్లబరిస్తే రెండూ నీళ్ళలా అయిపోతాయి. మీథేన్ కిరసనాయిలులా మసి పట్టదు, హైడ్రోజన్ అంత మొండిదీ కాదు. పైగా రేపు మనుషులు అంగారకుడి మీదికి పోతే, తిరిగి రావడానికి కావలసిన మీథేన్‌ను అక్కడి గాలితో, మంచుతోనే తయారు చేసుకోవచ్చంటారు.

అవ్ కాకా, అదే మీథేన్. నువ్వు దీపం పట్టుకుని వెతికినదే.

మార్చిలో ఇంజన్‌ను మొదటిసారి వెలిగిస్తాం. "వెలిగించు" అని మైకులో చెప్పే పని నాది. నాలుగేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే ఇక్కడ పడి ఉన్నాను. దానికంటే ముందు, లీకు కనిపెట్టే సెన్సర్లు షెడ్డులో ఎక్కడ బిగించాలో నేను తేల్చాలి. ఆరే ఉన్నాయి. నువ్వైతే ఎక్కడ పెడతావు?

కాకీకి చెప్పు, ఇక్కడి జొన్నరొట్టె రొట్టె కాదు, అట్టముక్క.

నీ అన్న బిడ్డ,
జ్యోత్స్న

*

గుట్టకింది తండా, జూలూరుపాడు మండలం
12 అక్టోబరు 2024

బిడ్డా జ్యోత్స్నా,

ఇంటి పరిస్థితి: సంతృప్తికరం. పత్తి: రెండు వానలు ఎక్కువయ్యాయి. మంగ్లి: కోపంగా ఉంది, కారణం కింద రాస్తాను. మైనింగ్ సర్దార్‌గా రోజూ షిఫ్టు రిపోర్టు రాసిన చేయి ఇది. ఉత్తరం రాయమన్నా ఇట్లాగే వస్తుంది.

నీ ఉత్తరం మంగ్లికి చదివి వినిపించాను. "ఆ గ్యాస్ కనపడ్డదంటే మనుషులను బయటికి ఉరికిచ్చేటోనివి. గిప్పుడు నీ అన్న బిడ్డ దాన్ని డబ్బాలల్ల నింపి అగ్గి పెడ్తదా? గిదేం సదువు?" అన్నది. ఇల్లందు బాయిల్లో వద్దన్నా వచ్చేదాన్ని, అంగారకుడి మీద కష్టపడి తయారు చేయడం ఏమిటో నాకూ అర్థం కాలేదు.

సెన్సర్ల సంగతికి వస్తాను. ఇది నా సబ్జెక్టు. షిఫ్టు దిగకముందు నేనొక్కణ్ణే సేఫ్టీ దీపంతో లోపలికి పోయేవాణ్ణి. వత్తి తగ్గించి దీపాన్ని మెల్లగా కప్పు దాకా లేపితే, గ్యాస్ ఉన్నచోట మంట మీద నీలి టోపీ కనపడుతుంది. టోపీ కనపడితే ఎవడు చెప్పినా మనుషులను దిగనిచ్చేవాణ్ణి కాదు. మేనేజరు అరిచినా సరే. మీథేన్ గాలి కంటే తేలిక బిడ్డా. అది పైకే పోతుంది, కప్పు సందుల్లో దాక్కుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో దాన్ని నేల మీద ఒక్కసారి చూడలేదు. నేల మీద వెతికే సర్దార్‌ను చూసి మేం నవ్వేవాళ్ళం.

ఆరూ కప్పుకే బిగించు. కింద ఒక్కటి పెట్టినా దండగ. పైన గ్యాస్ లేదంటే ఎక్కడా లేదు, మనుషులను పంపొచ్చు. ఇంతే శాస్త్రం.

ఇట్లు,
లాలు, రిటైర్డ్ మైనింగ్ సర్దార్ (నీకు కాక)

*

టెస్ట్ సైట్
2 నవంబరు 2024

సర్దార్ గారికి నమస్కారం! (కోపం తెచ్చుకోకు, ఇక్కడ నీ పేరు ఇదే.)

నీ మాట మీటింగులో చెప్పాను. మా చీఫ్ వెంకటేశ్వరరావు గారు కుర్చీలోంచి ముందుకు వంగి, "ఇదండీ అనుభవం అంటే! పుస్తకాలు చదివి ఏం లాభం?" అన్నారు. ఆరు సెన్సర్లూ కప్పుకే. ఆ వరుసకు "లాలు లైన్" అని పేరు కూడా పెట్టేశారు. డ్రాయింగు మీద ఇంగ్లీషులో ఉంది నీ పేరు.

మా సంగీత అని ఒక జూనియర్ ఉంది. "మేడం, అంత చల్లటి ఆవిరి కిందికి దిగుతుందేమో" అని మెల్లగా గొణిగింది. బాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు చూసిన మనిషి మాట ఇది అని నోరు మూయించాను. పాపం, మంచిదే కానీ పుస్తకాల పిల్ల.

ఇక్కడ మన వైపు మనిషి ఒకావిడ దొరికింది. ప్రమీల, వేంసూరు ఆవిడ. పైపులు, వాల్వులు బిగించే టెక్నీషియన్. నాకంటే పదేళ్ళు పెద్ద. స్పానరు పట్టిందంటే మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఆవిడ పప్పుచారు తిన్నాక ఇంటి మీద బెంగ సగం పోయింది.

ఉంటాను కాకా. పత్తి ఏరే కూలీలు దొరికారా?

నీ జ్యోత్స్న

*

గుట్టకింది తండా
11 నవంబరు 2024

బిడ్డా,

కూలీలు: దొరకలేదు. నా ఆరోగ్యం: అతి సంతృప్తికరం.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను. తప్పయితే క్షమించు. మన హాతీరాం అందరికీ చెప్పి చెప్పి చివరికి "లాలు రాకెట్ల పోతుండట" అనే దాకా తెచ్చాడు. నలుగురు ఇంటికి వచ్చి మంగ్లిని ఓదార్చి పోయారు. మంగ్లి ఏమన్నదో తెలుసా? "గ్యాస్ యాడున్నదో గీయనకు తెల్సు. ఇంట్ల ఉప్పు డబ్బా యాడున్నదో తెల్వది" అని.

ఇల్లందు పెన్షనర్ల సంఘం వాళ్ళు జనవరి నెలాఖరులో నాకు సన్మానం చేస్తారట. ఉద్యోగంలో ఉన్నప్పుడు షిఫ్టు ఆపినందుకు తిట్టినవాళ్ళే ఇప్పుడు శాలువా కప్పుతామంటున్నారు.

నీ ఇంజన్ కోసం ఇంట్లో భోగ్ పెట్టాం. నిప్పుల మీద బెల్లం అన్నం, నెయ్యి వేయగానే మంట భగ్గున లేచింది. మన దేవుడు సేవాలాల్ నైవేద్యం అందుకున్నట్టే. మరేం భయం లేదు.

డ్రాయింగు మీద పేరెక్కిన,
లాలు

*

టెస్ట్ సైట్
18 జనవరి 2025

కాకా,

వారం నుంచి రాద్దామని కూర్చుని లేస్తున్నాను. మొన్న తొమ్మిదో తేదీన, ఇంజన్ వెలిగించకుండా ఊరికే ద్రవ మీథేన్ పారించి చూసే పరీక్ష చేశాం. షెడ్డులో చిన్న మంట లేచింది. వెంటనే ఆర్పేశారు. ఇంజన్‌కు ఏమీ కాలేదు. ప్రమీలక్కకు మోకాళ్ళ కింద కాలింది, దవాఖానాలో ఉంది. తగ్గుతుందంటున్నారు.

పైన పెట్టిన సెన్సర్లు ఒక్కసారి కూడా మోగలేదు. ఇక్కడ అందరూ రోజూ నీ మాటే తలుచుకుంటున్నారు. విచారణ కమిటీ కూడా నీ గురించి అడిగింది.

ఇంకా రాయాలి కానీ చేయి రావడం లేదు. నువ్వు వేళకు తిను.

జ్యోత్స్న

*

గుట్టకింది తండా
27 జనవరి 2025

నా బంగారు బిడ్డకు,

సన్మానం: దిగ్విజయం. హాజరు: నూట పది మంది. శాలువా: మెరూన్ రంగు.

నీ ఉత్తరం సరిగ్గా ఆ పొద్దున్నే అందింది. సభలో గట్టిగా చదివాను. "ఇక్కడ అందరూ రోజూ నీ మాటే తలుచుకుంటున్నారు" అన్న దగ్గర చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు, నాకు కూడా వినపడ్డాయి. కమిటీ వాళ్ళు సైతం అడిగారంటే మామూలు సంగతా!

సెన్సర్లు మోగలేదంటే గ్యాస్ లేదన్నట్టే. అది ఏదో కరెంటు వైరు మంట అయి ఉంటుంది. ఆ ప్రమీల సంగతి మాత్రం నాకు నచ్చలేదు. అనుమతి లేకుండా జొరబడి ఉంటుంది. బాయిలోనూ ఇట్లాంటివాళ్ళు ఉండేవాళ్ళు, తొందరపాటు మనుషులు. నా షిఫ్టులో అయితే పది రోజులు పనికి రానిచ్చేవాణ్ణి కాదు. మన వైపు మనిషని మొగమాటపడకు, గట్టిగా మందలించు.

గర్వంతో,
కాక

*

టెస్ట్ సైట్
2 ఫిబ్రవరి 2025

కాకా,

నీ ఉత్తరం చదివి కాగితం నలిపేశాను. మళ్ళీ సాపు చేసుకుని చదివాను. తప్పు నాదే. ఉన్నది ఉన్నట్టు రాయకుండా నిన్ను సభలో నిలబెట్టాను.

ఇప్పుడు చెప్తున్నాను. గ్యాస్ ఉంది. పైపు సీలు చలికి కుంచించుకుపోయి లీకైంది. బాయిలో గ్యాస్ వెచ్చగా ఉంటుంది, పైకి పోతుంది. మా గ్యాస్ నూట అరవై డిగ్రీల చలి నుంచి అప్పుడే ఆవిరైనది. అంత చల్లగా ఉన్నంతసేపూ అది గాలి కంటే బరువు. నేల మీద పాకి, పైపుల కాలువలోకి దిగి కూర్చుంది. తెల్లగా పొగమంచు కనపడింది కానీ, చల్లటి పైపుల దగ్గర అది ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం. పైన ఆరు సెన్సర్లూ సున్నా చూపించాయి. "గ్యాస్ లేదు, లోపలికి వెళ్ళొచ్చు" అని మైకులో చెప్పింది నేను. ప్రమీలక్క జొరబడలేదు. నేను పొమ్మంటే పోయింది. కాలువ ఆ చివర కరెంటు పెట్టెలో నిప్పురవ్వ లేచింది.

నీ మాట తలుచుకుంటున్నారని రాశాను. ఎట్లా తలుచుకుంటున్నారో రాయలేదు.

నీ మీద కోపం లేదు. నేను చదువుకున్నదాన్ని. ఇది నా పుస్తకంలోనే ఉంది. సంగీత చెప్పింది కూడా. నీ పేరు డ్రాయింగు మీద చూసుకోవాలన్న ముచ్చటలో పుస్తకం మూసేశాను.

జ్యోత్స్న

*

గుట్టకింది తండా
9 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నకు,

ముప్పై ఒక్క ఏళ్ళు గ్యాస్ పైకే పోయింది. నీ కోసం కిందికి రాదు. నాలుగు ముక్కలు చదివి, పెద్దవాళ్ళ మీద తప్పు నెట్టడం నేర్చుకున్నారు. మీ లెక్కలేవో మళ్ళీ చూసుకోండి. నాకిక ఉత్తరం రాయనక్కర లేదు.

12 ఫిబ్రవరి

పై ముక్క పోస్టు చేయలేదు. చింపనూ లేదు, నా బుద్ధి నీకు తెలియాలి కదా.

నిన్న బర్రె ఎదకొస్తే జూలూరుపాడు పశువుల దవాఖానాకు తోలుకుపోయాను. సూది వేసే గోపాలమిత్ర శ్రీనివాస్, దున్నపోతు విత్తనం దాచే జాడీ మూత తీశాడు. అందులో ద్రవ నైట్రోజన్ ఉంటుందట, అదీ మీ మీథేన్ లాగే గడ్డకట్టించే చలి. తెల్లటి పొగ లేచింది. పైకి పోతుందని చూస్తున్నాను. పోలేదు. జాడీ అంచు మీదుగా జారి నేల మీద పరుచుకుంది. చేయి పైకెత్తి చూశాను, ఏమీ తగల్లేదు. కిందికి చూస్తే నా చెప్పులు కనపడలేదు.

"మూత పెట్టనా పెద్దయ్యా?" అని అడిగాడట. నాకు వినపడక అట్లాగే నిలబడ్డాను. చివరికి భుజం పట్టి కదిపాడు. "ఏమైంది? కండ్లల్ల నీళ్ళేంది? పొగ పడ్డదా?" అన్నాడు. పడ్డదన్నాను.

బిడ్డా, నేను తెలిసినంత చెప్పి ఊరుకుంటే సరిపోయేది. తెలియనిది కూడా తెలిసినట్టు చెప్పాను. ఆ మనిషి కాళ్ళు కాల్చి, మళ్ళీ ఆమెనే మందలించమని రాశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

ఇవాళే మీ కంపెనీకి రిజిస్టర్ పోస్టులో నాలుగు పేజీల రిపోర్టు పంపాను. తప్పు పూర్తిగా నాది, జ్యోత్స్నది కాదు అని. కింద సంతకం, పెన్షన్ నంబరు. నీ పని నీకు ఉంటుంది, దిగులు పడకు.

లాలు

*

టెస్ట్ సైట్
21 ఫిబ్రవరి 2025

కాకా,

నీ రిపోర్టు అందింది. కమిటీ దాన్ని ఫైల్లో పెట్టలేదు. పెడితే షెడ్డు డిజైను బొగ్గు బాయి నుంచి వచ్చిందని బయటపడుతుంది. దాని మీద వెంకటేశ్వరరావు గారి సంతకం ఉందనీ బయటపడుతుంది. ఆయన నన్ను గదిలోకి పిలిచి చాలా మర్యాదగా మాట్లాడారు, టీ కూడా తెప్పించారు. డ్రాయింగు మీద నీ పేరు చెరిపేశారు. సెన్సర్లు నేలకు దించారు. ఇప్పుడు ఆ వరుసను చీఫ్ గారి ముందుచూపు అంటున్నారు.

కమిటీ రాసిన రిపోర్టులో నువ్వు లేవు, నేను లేను, ఆయన లేరు. "అనుమతికి ముందే టెక్నీషియన్ షెడ్డులోకి వెళ్ళడం వల్ల" అని ఒక వాక్యం ఉంది. అందరం తప్పించుకుని ప్రమీలక్క ఒక్కతే మిగిలింది. నువ్వు తెలియక రాసిన మాటే, వీళ్ళు తెలిసి రాశారు.

ఆ రోజు షిఫ్టు ఇన్‌ఛార్జిని నేను కాబట్టి దాని కింద నా సంతకం కావాలి. సోమవారం దాకా గడువు పెట్టారు, అడిగితే ఇంకో వారం ఇచ్చారు. పెడితే మార్చి పదిన మైకు ముందు నేనుంటాను. పెట్టకపోతే ఉండను. నాలుగేళ్ళు కాకా! ఆ వాల్వులన్నీ నాకు పేరు పేరునా తెలుసు. సంతకం పెట్టాలనే ఉంది నాకు. అబద్ధమెందుకు.

నువ్వైతే ఏం చేస్తావు?

జ్యోత్స్న

*

గుట్టకింది తండా
27 ఫిబ్రవరి 2025

బిడ్డా,

సలహా: లేదు.

పోయినసారి అడిగితే ఆగకుండా చెప్పాను. ఈసారి నోరు తెరవను. నువ్వు సంతకం పెట్టినా నా బిడ్డవే, పెట్టకపోయినా నా బిడ్డవే. ఇది సలహా కాదు.

ఇల్లందు పోయి సంఘం వాళ్ళ ముందు శాలువా పెట్టి, నేను తప్పు చెప్పాను, ఒక మనిషి కాలింది అన్నాను. "లాలన్నది ఎంత పెద్ద మనసు! గింత వినయం యాడ చూడలే" అని లేచి నిలబడ్డారు. మేలో వినయానికి ఇంకో సన్మానం చేస్తారట. ఎంత మొత్తుకున్నా వినరు. చెవుడు నాకొక్కడికే అనుకున్నాను.

దీంట్లో ఇంకో కాగితం ఉంది, ప్రమీలకు. జరిగింది ఉన్నట్టు రాశాను. చదివి వినిపించు. ఆమె తిడితే నాకు ఫోన్లో వినపడదు. కాగితం మీద తిట్టమను. ఒక్క ముక్క కూడా నువ్వు తగ్గించి రాయకు.

కాక

*

టెస్ట్ సైట్
14 మార్చి 2025

కాకా,

ఇంజన్ మండింది. పదకొండు సెకన్లు, ఎక్కడా ఆగకుండా. "వెలిగించు" అని మైకులో చెప్పింది సంగీత.

వాళ్ళు రాసిన వాక్యం కింద "లోపలికి వెళ్ళమని చెప్పింది నేను" అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఇక ఎవరికీ పనికిరాలేదు. కొత్త పేజీలో "వాయువు అనూహ్యంగా ప్రవర్తించడం వల్ల" అని రాసుకున్నారు. తప్పు చివరికి గ్యాస్ మీద పడింది. పాపం అది ఎదురు చెప్పలేదు కదా. నన్ను స్టోర్స్‌కు మార్చారు. చేతి తొడుగులు, బూట్లు, తాళాలు.

పదో తేదీన ప్రమీలక్క క్వార్టర్ వరండాలో కూర్చున్నాను. షెడ్డు అక్కడికి మూడు కిలోమీటర్లు, ఏమీ కనపడదు, ఎదురుగా గోడ. ఉన్నట్టుండి నేల అదిరింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. నేను లెక్కపెడుతున్నాను. పదకొండు దగ్గర ఆగింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. సంతోషం ఎంతో, కుళ్ళు ఎంతో నాకే తెలియదు, రెండూ ఉన్నాయి. ప్రమీలక్క తన కాళ్ళు చూసుకుంటూ, "మీకేమన్నా పిచ్చా మేడం? ఆ ఒక్క సంతకం పడేస్తే లోపలుండేటోళ్ళు గద. నా పేరు పోతే ఏమైతది, కాళ్ళే పోయినయ్" అని కసురుకుంది. కాసేపటికి లేవలేక లేవలేక లేచి టీ పెట్టింది.

నీ కాగితం ఆ రోజే చదివి వినిపించాను. ఆవిడ జవాబు రాసింది. నువ్వన్నట్టే ఒక్క ముక్క తగ్గించకుండా పంపుతున్నాను.

జ్యోత్స్న

"లాలు గారికి ప్రమీల రాయునది. మీ మీద కోపం లేదని రాస్తే మీకు నిమ్మళమైతదని మేడం అన్నది. కోపం ఉన్నది. కుడికాలు చెప్పుల పట్టనప్పుడల్ల వస్తది. మేడం మీద ఇంకా ఎక్కువున్నది, లోపలికి పొమ్మన్నది ఆమెనే గద. అది పోయేదాక ఉంటది, మీరిద్దరు తొందర పెట్టకండి. ఇంజన్ మండంగ నేను బిగించిన వాల్వు ఒక్కటి కూడ కారలేదట. ఆ మాట నాకు చెప్పనీకె ఇక్కడ ఎవ్వలు రాలే, మేడమే పోయి అడిగి వచ్చి చెప్పింది. ఆమెను ఒకసారి ఇంటికి పిలవండి. మంట చూడవలసిన మనిషి నా గోడ చూసుకుంట కూసున్నది. అన్నం సరిగ తింటలేదు."